ఐదు దెబ్బల తాళం

ఆదివారం.

చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటూ హాలీవుడ్ సంగీత దర్శకుడు లాలో షిఫ్రిన్ సంగీతం పెట్టుకున్నా. ‘మిషన్ ఇంపాజిబుల్’ టీవీ సీరియల్ బాణీ మొదలైందో లేదో, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి తాళం వేయడం మొదలెట్టా. నాలుగు దెబ్బలకి అలవాటుపడిన చెయ్యి దీని దగ్గర తడబడుతుంది. దీని నడక తకిట తకిట తక తక. పది చిన్న అక్షరాలు, అంటే ఐదు దెబ్బలు. మోర్స్ కోడ్‌లో ‘ఎమ్’కి రెండు గీతలు, ‘ఐ’కి రెండు చుక్కలు. గీతకి తకిట, చుక్కకి తక అనుకుంటే సరి. సీరియల్ పేరులోని తొలి అక్షరాలు రెండూ తాళంలోనే కూర్చున్నాయి! కావాలని చేశాడా, అలా కుదిరిందా అని నేను బుర్ర పాడుచేసుకోను. కుదిరింది, చాలు.

1966లో టీవీ కోసం కట్టిన బాణీ అది. టైటిల్స్‌లో అగ్గిపుల్ల గీసి వత్తి అంటించేలోగా వంటింట్లో ఉన్నవాళ్ళు కూడా టీవీ ముందుకి రావాలి. పేర్లు పడే ఆ కాసేపే సంగీత దర్శకుడికి దొరికేది.

షిఫ్రిన్ 1932లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిరెస్‌లో పుట్టాడు. తండ్రి వయొలిన్ విద్వాంసుడు. పారిస్‌లో పగలు కన్సర్వేటరీలో సంగీతం చదువు, రాత్రిళ్ళు జాజ్. ఆ తర్వాత జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ బృందంలో పియానో, అక్కణ్ణుంచి హాలీవుడ్.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయనే సంగీతం చేసిన ‘బుల్లిట్’ (1968) సినిమాలో కార్ల ఛేజ్ మళ్ళీ చూశా. శాన్ ఫ్రాన్సిస్కో వీధుల్లో కార్లు ఒకదాన్నొకటి కనిపెడుతూ తిరుగుతున్నంతసేపూ సంగీతం అడుగున కాగుతూ ఉంటుంది. ముందు కారు ఒక్కసారి దూకగానే సంగీతం టక్కున ఆగిపోతుంది. ఇక ఇంజిన్ల రొద, టైర్ల కీచుమోత, అంతే. ఇంకొకరైతే సరిగ్గా అక్కడే డ్రమ్స్ అన్నీ బాదించేవారు. నా లెక్కలో ఆయన గొప్ప పని, ఏమీ వాయించని ఈ నిమిషాలే.

1973లో ‘ది ఎక్సార్సిస్ట్’కి ఆయన చేసిన సంగీతాన్ని దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ వద్దన్నాడు. అదే ఏడాది వచ్చిన ‘ఎంటర్ ది డ్రాగన్’ సంగీతమూ ఆయనదే. ఆస్కార్‌కి ఆరుసార్లు నామినేషన్, ఒక్కసారీ రాలేదు. చివరికి 2018లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు, అదీ క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతుల మీదుగా. ‘డర్టీ హ్యారీ’కి సంగీతం చేసినాయనకి ఆ హీరోనే అందించడం బాగుంది. 2025 జూన్‌లో, తొంభై మూడేళ్ళకి పోయాడు.

సాయంత్రం ‘ఎంటర్ ది డ్రాగన్’ పెడితే పక్క గదిలోంచి “మళ్ళీ అదేనా?” అని కేక. ఇది వేరే సినిమా అని చెప్పబోయి, సౌండ్ తగ్గించి ఊరుకున్నా. రేపు బస్సులో గిలెస్పీ కోసం రాసిన ‘గిలెస్పియానా’ వినాలి. అందులో ఉండేది హాలీవుడ్‌కి రాకముందు మనిషి.