నాన్నతో ప్యాకార్డ్ కార్ల దగ్గర ఓ ఆదివారం

నాన్న విజయవాడ నుంచి వచ్చినప్పటి నుంచీ గుడి, కాస్ట్‌కో తప్ప ఇంకేం చూపించలేదని మా ఆవిడ ఒకటే పోరు. అందుకే ఇవాళ డెట్రాయిట్ దగ్గర షెల్బీ టౌన్‌షిప్‌లో వాన్ డైక్ రోడ్డు మీదున్న పాత ప్యాకార్డ్ ప్రూవింగ్ గ్రౌండ్స్‌కి తీసుకెళ్లాను. మేముండే ట్రాయ్ నుంచి పెద్ద దూరం కాదు. ఈ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది కార్ల కంపెనీల్లోనో, వాటికి పార్టులిచ్చే చోటో పనిచేస్తారు కదా, అయినా ప్యాకార్డ్ అంటే "ప్రింటర్ల కంపెనీయేగా?" అంటారు. అది వేరే ప్యాకార్డ్ బాబూ, ఇది ఒకప్పుడు డెట్రాయిట్‌లో ఖరీదైన కార్లు చేసి మూతపడిన కంపెనీ!

కొత్త కార్లను వదిలి పరీక్షించడానికి 1927లో కట్టిన స్థలం ఇది. రెండున్నర మైళ్ల కాంక్రీటు ట్రాక్ ఉండేది, 1928లో లియోన్ డ్యురే అనే రేసర్ దాని మీద గంటకి 148 మైళ్ల పైచిలుకు వేగంతో, అంటే మన లెక్కలో దాదాపు 240 కిలోమీటర్లతో బండి తోలాడు. ఇప్పుడా ట్రాక్‌లో ఓ చిన్న ముక్కే మిగిలింది. భవనాలు మాత్రం బాగా చూసుకుంటున్నారు, పెళ్లిళ్లకి కూడా అద్దెకిస్తారట.

నాన్న ఆర్టీసీ డిపో గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. మెరిసే పెయింటూ, బానెట్ చివర రెక్కలు చాచిన పక్షి బొమ్మా ఆయనకి పట్టలేదు. బానెట్ ఎత్తి ఉన్న ఓ ముప్ఫైల నాటి బండి దగ్గర ఆగిపోయారు. "ఏరా, ఎనిమిది సిలిండర్లూ ఒకే వరసలోనా? క్రాంక్ ఎంత పొడుగుంటుందిరా మరి?" అక్కడున్న పెద్దాయన్ని అడిగి, పెద్ద మోడళ్లలో ఇంజన్లో తిరిగే ఆ క్రాంక్ కడ్డీ వంగకుండా దాన్ని పట్టి ఉంచే మెయిన్ బేరింగులు తొమ్మిది పెట్టేవాళ్లని చెప్పాను. అప్పుడు గానీ నాన్న మొహంలో కాస్త గౌరవం కనిపించలేదు.

ఇంకో బండి దగ్గర మరీ ఎక్కువసేపు నిలబడ్డాం. 1955 నాటి పేట్రీషియన్. దీనికి కమాన్ కట్టలు లేవు, కాయిల్ స్ప్రింగులూ లేవు. ముందు చక్రాన్నీ వెనక చక్రాన్నీ కలుపుతూ పొడవాటి టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు, పోతాయి, వెనక సీట్లో బరువు పెరిగితే ఓ ఎలక్ట్రిక్ మోటారు కొన్ని సెకన్లాగి తనంతట తనే బండిని సమంగా ఎత్తుతుంది. నాన్న ఆ వయసులో గొంతుక్కూర్చుని కింద నుంచి చూశారు, మోకాళ్లు ఏమైపోతాయోనని నాకు టెన్షన్. లేచి, "బాగుంది గానీ, ఆ మోటారు చెడిపోతే పల్లెటూళ్లో ఎవడు బాగుచేస్తాడు?" అన్నారు. డిపో బుద్ధి ఎక్కడికి పోతుంది.

దారిలో కథంతా చెప్పాను. ఒహాయోలోని వారెన్‌లో జేమ్స్ ప్యాకార్డ్ అనే ఆయన వింటన్ కారు కొని, అది మాటిమాటికీ మొరాయిస్తుంటే తయారుచేసినాయన దగ్గరికే వెళ్లి లోపాలు చెప్పాడట. "అంత తెలిస్తే నువ్వే చేసుకో" అన్నాడట వింటన్. 1899లో నిజంగానే చేశాడు. నాన్న పగలబడి నవ్వారు. తర్వాత 1903లో కంపెనీ డెట్రాయిట్‌కి మారింది, 1915లో పన్నెండు సిలిండర్ల ట్విన్ సిక్స్ తెచ్చింది. బండి ఎలా ఉంటుందో అది ఉన్నవాణ్ణే అడగండి అనేది వాళ్ల ప్రకటన, అంత ధీమా.

మరి ఇంత మంచి కంపెనీ ఎలా పోయిందిరా అన్నారు. 1935లో వన్ ట్వెంటీ పేరుతో వెయ్యి డాలర్ల లోపు ధరకి కారు అమ్మి పరువు పోగొట్టుకుందని చాలామంది అంటారు. నాకా మాట నచ్చదు. ఆర్థిక మాంద్యంలో లక్షాధికారుల కోసమే కార్లు చేస్తూ కూర్చుంటే అప్పుడే మూతపడేది, ఆ చౌక బండే దాన్ని నిలబెట్టింది. అసలు దెబ్బ కార్ల బాడీల తయారీ దగ్గర తగిలింది. 1940ల మొదట్లో ఆ పనిని బ్రిగ్స్ అనే బయటి కంపెనీకి అప్పగించారు, 1953 చివర్లో ఆ బ్రిగ్స్‌ని క్రైస్లర్ కొనేసింది. పోటీవాడు ఎన్నాళ్లని బాడీలు చేసిపెడతాడు? హడావుడిగా కానర్ అవెన్యూలో ఓ ఇరుకు ప్లాంటులోకి మారారు, సరిగ్గా కొత్త వీ8 (ఎనిమిది సిలిండర్లు V ఆకారంలో ఉండే) ఇంజనూ, ఆ టార్షన్ బార్లూ వచ్చిన ఏడాదే. క్వాలిటీ దెబ్బతింది. దానికి తోడు 1954లో ఇంకో కార్ల కంపెనీ స్టూడ్‌బేకర్‌ని కలుపుకున్నారు, దాని నష్టాలు వచ్చి నెత్తిన పడ్డాయి.

"బాడీలు ఇంకొకడి చేతికిచ్చినోడిదే తప్పు, స్టూడ్‌బేకర్‌ని ఎందుకంటావు?" అన్నారు నాన్న. రెండూ అన్నాను నేను. ఇంటికొచ్చి అన్నం తింటున్నా ఇదే గోల, మా ఆవిడ ఇద్దర్నీ విసుక్కుంది.

ఈస్ట్ గ్రాండ్ బులవార్డ్ మీదున్న పాత ఫ్యాక్టరీ కూడా చూద్దామన్నారు గానీ, ఇంకెక్కడి ఫ్యాక్టరీ. ఆల్బర్ట్ కాన్ డిజైన్ చేసిన 35 లక్షల చదరపు అడుగుల కట్టడం దశాబ్దాల పాటు శిథిలంగా పడి ఉంది, 2019లో రోడ్డు మీది వంతెన కూలింది, 2022లో మిగతాది కూల్చడం మొదలెట్టారు. ఫోన్లో ఫోటోలు చూపిస్తే "అన్ని కిటికీలా!" అనుకుంటూ వేళ్లతో పెద్దవి చేసుకుని చూశారు.

డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ తయారీ 1956 వేసవిలో ఆగింది. ఆ తర్వాత రెండేళ్లు ఇండియానాలోని సౌత్ బెండ్‌లో స్టూడ్‌బేకర్ బాడీల మీదే ప్యాకార్డ్ పేరు తగిలించి అమ్మారు, 1958లో అదీ పోయింది. ఆ రెండేళ్ల బండ్లని నాన్న లెక్కలోకే రానివ్వడం లేదు. ఇందాక విజయవాడలో పాత డిపో స్నేహితుడికి ఫోన్ చేసి టార్షన్ బార్ల గురించి అరగంట చెప్పారు, అటువైపు ఆయన నమ్మినట్టు లేదు.