గంజాయి నూనె ఉందా అన్నా?

మా షాపులో గంజాయి అన్న మాట ఎవరూ పైకి అనరు. పక్కన ఇంకో కస్టమర్ ఉంటే అతను పోయేదాకా బీపీ మాత్రలు చూస్తున్నట్టు నిలబడతారు. తర్వాత ఫోన్ తీసి, వాట్సాప్‌లో వచ్చిన వీడియో ఆపి, అందులో ఆకుపచ్చ లేబుల్ సీసా చూపిస్తారు. "ఇది దొరుకుతుందా అన్నా? మా నాయనకు." ఇంక ఏం జబ్బని అడగను.

అనంతపురం సాయినగర్‌లో ఆసుపత్రుల మధ్య నాది మందుల షాపు. ఇక్కడి క్యాన్సర్ పేషెంట్లలో చాలామంది బెంగుళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి పోతారు, కొందరు కర్నూలుకో హైదరాబాదుకో పోతారు. కీమో అక్కడ ఎక్కించుకుంటారు, వాంతులు ఇంటికొచ్చి చేసుకుంటారు. డాక్టరు అంత దూరంలో, నేనేమో వీధి చివర. అందుకే ఆ ప్రశ్నలన్నీ నా కౌంటర్ మీదికే వస్తాయి. ఒక్కొక్కరికి గొంతు తగ్గించి చెప్పేకంటే ఇట్లా రాసిపెడితే లింకు పంపొచ్చు.

గంజాయితో క్యాన్సర్ నయమవుతుందనడానికి మనుషుల్లో రుజువు లేదు. అయితే వీడియోల్లో చెప్పేదంతా గాలిలోంచి పుట్టించింది కూడా కాదు, చిక్కంతా అక్కడే ఉంది. ఆ మొక్కలో మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీ. దాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో మెషౌలమ్, గావోని విడదీసి చూపించారు. 1975లో అమెరికాలో ఎలుకలకిస్తే ఊపిరితిత్తుల గడ్డ పెరగడం నెమ్మదించింది. 2006లో స్పెయిన్‌లో గుజ్మాన్ బృందం, మెదడు గడ్డ మళ్ళీ తిరగబెట్టిన తొమ్మిది మందికి టీహెచ్‌సీని నేరుగా ఆ గడ్డలోకే ఎక్కించింది. ప్రమాదం లేకుండా ఇవ్వొచ్చా అని చూడ్డానికి చేసిన పని అది. ఎవరికీ నయం కాలేదు. బ్రిటన్‌లో అదే రకం గడ్డకు గంజాయి స్ప్రేను కీమోతో కలిపి ఇచ్చి చూసేందుకు అరిస్టోక్రాట్ అని ఒక ట్రయల్ పెట్టారు. అంటే ఇంకా అడుగుతున్న ప్రశ్నే. గాజు పళ్ళెంలోని క్యాన్సర్ కణాన్ని ఫినాయిల్ కూడా చంపుతుంది, ఆ మాట వీడియోలో ఎవరూ చెప్పరు. అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ట్రయల్‌లో తప్ప గంజాయిని క్యాన్సర్‌కు మందుగా వాడొద్దని తేల్చి చెప్పింది.

వాంతుల సంగతి వేరు. ఇక్కడ ఆ మొక్కకు నిజంగానే కొంత పేరుంది, మా ఇంట్లోనే ఆ చర్చ నడిచింది కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

తాడిపత్రిలో ఉండే మా చిన్నమ్మకు అండాశయంలో క్యాన్సర్. మూడు వారాలకోసారి కీమో. ఎక్కించుకొచ్చిన మర్నాటి నుంచి వంటింట్లో తిరగవాత వేస్తే చాలు, పడసాలలో ఉన్న మనిషి లేచి పెరట్లోకి పరిగెత్తేది. "నోట్లో ఇనపముక్క పెట్టుకున్నట్టుందిరా, నీళ్ళు గూడా కక్కొస్తాండాయి" అనేది. ఆమె కొడుకు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాడు ఆన్‌లైన్‌లో ఎవరో వైద్యుడితో వీడియో కాల్ మాట్లాడి, చీటీ రాయించుకొని, మూడు వేల పైచిలుకు పెట్టి ఒక సీసా తెప్పించినాడు. దొంగ సరుకు కాదు. ఆయుర్వేదంలో విజయ అంటే గంజాయి మొక్కే. దాని ఆకు నుంచి తీసిన సారాన్ని ఆయుర్వేద లైసెన్సు మీద అమ్ముతున్నారు.

సీసా నాకు చూపించడానికి తెచ్చినప్పుడు, ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు కూడా అన్నీ తెమ్మన్నా. వాంతులు ఆపే ఒండాన్‌సెట్రాన్ వాడుతున్నారు. దానితో పాటిచ్చే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ వాడుతున్నారు. ఒలాంజపిన్ స్ట్రిప్పు మాత్రం చింపను కూడా చింపలేదు.

"ఇదేందిరా?"

"అది పిచ్చోళ్ళకిచ్చే మాత్రంట కదన్నా. గూగుల్‌లో చూసినా. అమ్మకేం పిచ్చి లేదు గదా."

ఈ మాట నేను వాడి దగ్గరే వినలేదు. చదువుకున్న పిల్లలున్న ఇళ్ళలోనే ఎక్కువ వింటా. ఒలాంజపిన్ మానసిక జబ్బులకు వాడే మాటా నిజమే. కానీ మెదడులో వాంతిని పుట్టించే డోపమైన్, సెరటోనిన్ సంకేతాలను కూడా అది అడ్డుకుంటుంది కాబట్టి కీమో వాంతులకు చిన్న మోతాదులో ఇస్తారు. ఆకలి కూడా పెంచుతుంది. పుదుచ్చేరి జిప్‌మర్ డాక్టర్లు కడుపు, ఊపిరితిత్తి, కాలేయం-క్లోమం క్యాన్సర్లు ముదిరిన 124 మందిని తీసుకొని, కీమోతో పాటు సగం మందికి రోజూ రెండున్నర మిల్లీగ్రాముల ఒలాంజపిన్, మిగతావాళ్ళకు మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి చూశారు. 2023లో ఫలితం అచ్చయింది. బరువు 5 శాతానికి మించి పెరిగినవాళ్ళు ఒలాంజపిన్ జట్టులో 60 శాతం, రెండో జట్టులో 9 శాతం. మన పక్కనే, మనలాంటి పేషెంట్ల మీద జరిగిన పని ఇది. దీని మీద ఒక్క వాట్సాప్ వీడియో నాకు రాలేదు. రూపాయల్లో దొరికే మాత్రకు ఎవరు వీడియో చేస్తారు?

వాడితోనే ఆసుపత్రికి ఫోన్ చేయించినా. వాళ్ళు మళ్ళీ చెప్పినాక, తర్వాతి కీమో నుంచి రాత్రిపూట చిన్నమ్మ ఆ మాత్ర వేసుకుంది. వాంతులు పూర్తిగా ఆగలేదు, తగ్గినాయి. మూడో రోజుకు జొన్నరొట్టె, బుడ్డల ఊరిబిండి అడిగింది. "పొద్దున పదైనా కండ్లు తెరవలేకుండా ఉండా, ఏం మాత్రలు పెట్టినావురా నాకు" అని నన్ను తిట్టింది కూడా. ఆ మాత్రకు నిద్ర ఎక్కువ, ముందే చెప్పినాం గాని వినలేదు.

ఇంక ఆ సీసా. లేబుల్ మీద చూస్తే దాంట్లో ఉన్నది ఎక్కువ పాళ్ళు సీబీడీ, మత్తు రాని భాగం. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ డాక్టర్లు ముదిరిన క్యాన్సర్ ఉన్నవాళ్ళకు సీబీడీ మాత్రమే ఉన్న నూనె ఇచ్చి చూస్తే, బాధ తగ్గించే మామూలు ఉపశమన వైద్యం కంటే ఏమీ కలిసి రాలేదు. వాంతి ఆపడంలో పేరు టీహెచ్‌సీది. దాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసిన డ్రోనబినాల్, దాని పోలికలోని నాబిలోన్ రెండూ 1985లోనే అమెరికాలో కీమో వాంతులకు అనుమతి పొందాయి. అప్పటికి ఒండాన్‌సెట్రాన్ లేదు, అది 1991లో వచ్చింది. అది వచ్చాక వీటి అవసరం తగ్గిపోయింది. మళ్ళీ ఆస్ట్రేలియాలోనే, ఇప్పటి మందులు వాడినా వాంతులు ఆగని వాళ్ళకు టీహెచ్‌సీ, సీబీడీ సమపాళ్ళలో ఉన్న గుళిక అదనంగా ఇచ్చారు. వాంతి లేకుండా, అదనపు మందు అవసరం లేకుండా గడిచినవాళ్ళు 24 శాతం, మందు లేని ఉత్త గుళిక వేసుకున్నవాళ్ళలో 8 శాతం. కళ్ళు తిరగడం, మగత, ఆందోళన కూడా ఎక్కువే వచ్చాయి. ఇది 2024 మాట. నా లెక్కలో గంజాయికి క్యాన్సర్ వార్డులో దక్కాల్సిన చోటు ఇదే. మిగతావన్నీ వాడి చూసినాక, కొలిచిన గుళికగా, డాక్టరు కళ్ళముందు. అట్లాంటి గుళిక నా షెల్ఫులోకి ఇంతవరకు రాలేదు. వస్తే మొదట తెప్పించేది నేనే.

"సీసా వద్దులే, తెలిసినోళ్ళ దగ్గర అసలు సరుకే దొరుకుతుంది" అనే పెద్దమనుషులు కూడా వస్తారు. 1985 మత్తుమందుల చట్టం ప్రకారం పూత ఉన్న కొమ్మ గంజాయి. పూత లేకుండా ఉత్త ఆకు, గింజ ఉంటే ఆ నిర్వచనంలోకి రావు. ఉత్తరాదిలో భంగు అమ్మేది ఈ సందులోంచే. పూతదైతే కిలో లోపు దొరికినా ఏడాది దాకా జైలు, పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. అమ్మకు మందని చెప్తే చెక్‌పోస్టు దగ్గర వదిలేయరు. మన రాష్ట్రంలో గంజాయిని పట్టుకోవడానికి పెట్టిన పోలీసు విభాగం ఈగల్ దళం వచ్చినాక అసలు వదలరు. పోలీసుల కంటే నా భయం బూజు గురించి. ఎక్కడో మూటకట్టి తెచ్చిన ఆకులో బూజు ఉంటుంది, కీమోలో తెల్లకణాలు పడిపోయిన మనిషి దాని పొగ పీలిస్తే ఊపిరితిత్తుల్లో ఫంగస్ పట్టే ప్రమాదం ఉంది. రక్తం పలచబడే వార్ఫరిన్ వేసుకునేవాళ్ళకు సీబీడీతో ఆ మందు ఒంట్లో పేరుకొని రక్తస్రావం కావచ్చు. ఏ నూనె తాగించినా డాక్టరుకు చెప్పండి. తిడతాడని దాచిపెట్టేవాళ్ళే ఎక్కువ.

నొప్పి గురించి అడిగేవాళ్ళకు ఇంకో మాట. మార్ఫిన్ లాంటి మందులకూ లొంగని క్యాన్సర్ నొప్పికి గంజాయి స్ప్రే నబిక్సిమాల్స్ ఇచ్చి పెద్ద ట్రయల్స్ చేశారు. వాటిలో ముందుగా పెట్టుకున్న ముఖ్యమైన కొలతలో అది మందు లేని ఉత్త స్ప్రే కంటే మెరుగని తేలలేదు. మందుగా నిలబడింది మార్ఫినే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పి ఎంతుంటే ఏ మందివ్వాలో మెట్లుగా గీసినప్పుడే దాన్ని పై మెట్టు మీద పెట్టింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండించే దేశం మనది, మార్ఫిన్ తీసేది దాన్నుంచే. అయినా అదే 1985 చట్టం పెట్టిన లైసెన్సుల గొడవకు భయపడి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 2014లో చట్టం మార్చి, గుర్తింపు పొందిన ఆసుపత్రులు తేలిగ్గా ఇచ్చేలా చేశారు. కాగితం మారింది గాని ఇళ్ళలో భయం పోలేదు. "మార్ఫిన్ మొదలుపెట్టినారంటే ఇంక ఐపోయినట్టే గదన్నా, అలవాటైపోతాదంట" అంటారు, చేతిలో గంజాయి నూనె సీసా పట్టుకొనే! నొప్పికి, డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకుంటే వ్యసనమయ్యేది అరుదు. తప్పకుండా వచ్చేది మలబద్ధకం. మొదటి రోజు నుంచే విరేచనానికి మందు కూడా రాయించుకోండి. కొంతమంది మార్ఫిన్ మానేసేది నొప్పి తగ్గక కాదు, ఈ బాధ పడలేకే.

మార్ఫిన్ నా షాపులో ఉండదు, మామూలు మందుల షాపుల్లో అడిగి తిరగొద్దు. మీ క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం ఎక్కడుందో అడగండి. హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉంది, కిద్వాయ్‌లో ఉంది. పేషెంటు కదల్లేకపోతే ఇంట్లోవాళ్ళు పోతే ఇస్తారా, ఎన్ని రోజులకు ఇస్తారని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పోయేటప్పుడు అసలు చీటీ, పేషెంటు ఫైలు, మీ ఆధార్ పట్టుకొని పోండి. జిరాక్స్ కాపీతో పోతే ఉత్త చేతులతో తిరిగిరావాల్సి వస్తుంది.