కీమో, రేడియేషన్ కలిపి మొదలైనప్పుడు: నా అనుభవం

నాకొచ్చింది నాలుక మొదట్లో క్యాన్సర్. ఆపరేషన్ వద్దు, కీమో, రేడియేషన్ రెండూ కలిపి ఇద్దామన్నారు. ఒకదానికే భయపడుతుంటే రెండూ ఒకేసారా అని గుండె జారిపోయింది. "ఒకటి అయ్యాక ఇంకోటి ఇవ్వకూడదా డాక్టర్ గారూ?" అని అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. రేడియేషన్ క్యాన్సర్ కణాల డీఎన్ఏని తెంపుతుంది. కణాలు దాన్ని మళ్లీ అతుక్కునే ప్రయత్నం చేస్తాయి. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఆ అతుకు పడకుండా అడ్డుపడుతుంది. అందుకే రెండూ ఒకే కాలంలో నడవాలి. సైడ్ ఎఫెక్టులు కూడా ఒకదానికొకటి తోడవుతాయని దాచకుండా చెప్పారు.

ఈ రకం క్యాన్సర్‌కి మామూలుగా రోజుకి 2 గ్రే (రేడియేషన్ డోసుని కొలిచే లెక్క) చొప్పున 35 సిట్టింగులు, మొత్తం 70 గ్రే. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఏడు వారాలు. కీమో మూడు వారాలకోసారి పెద్ద డోసుగానో, వారానికోసారి చిన్న డోసుగానో ఇస్తారు. నాకు వారానిదే రాశారు.

మర్నాడే మొదలుపెడతారనుకుంటే ముందు పళ్ల డాక్టర్ దగ్గరికి పంపారు. మా అక్కకి ఒళ్లు మండిపోయింది. "మనం వచ్చింది దేనికి, వీళ్లు చూసేది ఏంట్రా?" అని అక్కడే గొడవ. నిజానికి ఇది చాలా ముఖ్యమైన పని. రేడియేషన్ పడ్డ దవడ ఎముకకి రక్తం సరిగ్గా అందదు. తర్వాతెప్పుడో పన్ను పీకించుకుంటే ఆ పుండు మానక, ఎముకే చచ్చుబడే ప్రమాదం ఉంది. పాడైన పళ్లేవైనా ఉంటే ముందే తీయించి, చిగురు మానేదాకా ఆగాలి. నావి పుచ్చినవి తీసేశారు. తర్వాత వినికిడి పరీక్ష, కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష. సిస్‌ప్లాటిన్ దెబ్బ కొట్టేది చెవులకీ కిడ్నీలకీ కాబట్టి, మొదలుకాకముందు అవి ఎలా ఉన్నాయో కాగితం మీద ఉండాలి.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది మాస్క్. వేడినీళ్లలో నానబెట్టిన ప్లాస్టిక్ వల లాంటి షీట్‌ని తీసుకొచ్చి, వెల్లకిలా పడుకున్న నా ముఖం మీద, మెడ మీద, భుజాల దాకా లాగి బల్లకి బిగించారు. వెచ్చగా, తడిగా ఉంటుంది. ఇద్దరు మనుషులు ముక్కు దగ్గర, గడ్డం కింద వేళ్లతో అదిమి పట్టుకుంటారు. చల్లారుతున్నకొద్దీ బిగుసుకుపోతుంది. ఊపిరాడుతుంది, వలకి చిల్లులుంటాయి కదా. కానీ మింగడానికి కూడా జాగా లేదనిపిస్తుంది. మూసిన చోట్లంటే నాకు చిన్నప్పటినుంచీ పడదు. ఆ మాట ముందే చెబితే కళ్ల దగ్గర కత్తిరించి పెట్టారు. మీకూ ఆ భయం ఉంటే సిగ్గుపడకుండా చెప్పేయండి, కావాలంటే ముందు చిన్న మాత్ర కూడా ఇస్తారు. ఆ మాస్క్‌తోనే సీటీ స్కాన్ తీశారు. తర్వాత కొన్నాళ్లు పిలుపు లేదు. ఆ సమయంలో డాక్టర్, రేడియేషన్ లెక్కలు వేసే ఫిజిసిస్టు కలిసి స్కాన్ మీద గీతలు గీస్తారు: కిరణాలు ఎక్కడ పడాలి, వెన్నుపామునీ లాలాజల గ్రంథుల్నీ ఎలా తప్పించాలి అని. మన ఫైలు ఎక్కడో మూలన పడి ఉందేమో అనిపించే రోజులు అవి.

మొదటి సిట్టింగ్‌లో ఏమీ తెలియలేదు. నొప్పి లేదు, వేడి లేదు. బల్ల మీద బిగించి అందరూ బయటికి వెళ్లిపోతారు. ముందు మెషిన్ ఒక చిన్న స్కాన్ తీసి, నేను సరిగ్గా పడుకున్నానో లేదో చూస్తుంది. బల్ల దానంతటదే కొద్దిగా జరుగుతుంది. తర్వాత మెషిన్ పెద్ద తల నా చుట్టూ తిరుగుతూ జుయ్‌మంటుంది. అంతే, లేచి ఇంటికి. ముఖం మీద మాత్రం వల అచ్చు కాసేపు ఉండిపోతుంది. అక్క కూతుర్ని ఎత్తుకోవచ్చా అని అడిగితే, బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగలదు, నిశ్చింతగా ఎత్తుకోండి అన్నారు.

కీమో రోజు మాత్రం పొద్దంతా పోతుంది. మందు ఎక్కేది కొద్దిసేపే. దానికి ముందూ వెనకా సెలైన్ సీసాలు, వాటిలో మెగ్నీషియం, పొటాషియం. కిడ్నీల్లోంచి మందు కడుక్కుపోవాలని. ఎంత మూత్రం పోశానో కొలిచి రాసుకునేవారు. వాంతుల మందులు ముందే ఇస్తారు కాబట్టి ఆ రోజు హాయిగా ఉంటుంది. అసలు వికారం రెండో రోజో మూడో రోజో వస్తుంది. అప్పటికి వాంతి రాలేదు కదా అని మాత్రలు మానేయకూడదు, రాసినన్ని రోజులూ వేసుకోవాలి. కీమో అయిన రెండు రోజుల వరకు మూత్రంలో మందు ఉంటుంది కాబట్టి టాయిలెట్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయమన్నారు. చూడటానికొచ్చిన వాళ్లంతా అడిగింది జుట్టు గురించే. తలమీద జుట్టు కాస్త పలచబడిందంతే. ఊడింది కిరణాలు పడిన చోట గడ్డం.

మొదటి రెండు వారాలు నాకు దాదాపు మామూలుగానే గడిచాయి. అందరూ "నీకేం పర్లేదు, తట్టుకుంటున్నావ్" అన్నారు. నా లెక్కలో ఈ వైద్యంలో అతి విలువైన రోజులు ఇవే, ఎందుకంటే నోరు ఇంకా పనిచేస్తోంది. డైటీషియన్ ముందే హెచ్చరించింది కాబట్టి, ఆకలి ఉన్నా లేకపోయినా గుడ్లు, పాలు, పప్పు కడుపులోకి తోశాను. బరువు తగ్గితే నీరసం ఒక్కటే కాదు సమస్య. ముఖం చిక్కితే మాస్క్ వదులవుతుంది, గీసిన గీతలకీ పడే కిరణాలకీ తేడా వస్తుంది, మళ్లీ అచ్చు తీసి మళ్లీ ప్లాన్ వేయాల్సి రావచ్చు. అందుకే వారం వారం తూకం.

మూడో వారంలో నోటి పూత మొదలైంది. ముందు రుచి పోయింది, అన్నీ అట్టముక్క నమిలినట్టు. తర్వాత ఉమ్ము చిక్కబడి జిగురుగా తయారైంది. మింగితే గొంతులో బ్లేడు. ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో రోజంతా పుక్కిలించడం, తినేముందు గొంతు తిమ్మిరెక్కించే మందు, నొప్పికి మాత్రలు. నొప్పిని ఓర్చుకోవడం గొప్పేం కాదు. నొప్పి తగ్గితేనే నాలుగు గుటకలు దిగుతాయి. కడుపులోకి తిండి పంపే పైపు పెట్టాల్సి వస్తుందా అని అడిగితే, బరువు చూసి నిర్ణయిద్దామన్నారు. పైపు పెట్టినా రోజూ కొన్ని గుటకల నీళ్లయినా నోటితో మింగుతూనే ఉండాలని మింగుడు వ్యాయామాలు నేర్పే ఆవిడ గట్టిగా చెప్పింది. వాడకపోతే గొంతు కండరాలు ఆ పని మర్చిపోతాయట. అద్దం ముందు నాలుక చాపుతూ ఆ వ్యాయామాలు చేస్తుంటే మేనకోడలు పడీపడీ నవ్వేది. దాంతో కలిసి నేనూ నవ్వేవాణ్ణి, విసుగు లేకుండా గడిచిపోయేది.

ఒక మెలిక ముందే తెలిసుండటం మంచిది. సిట్టింగులు అయిపోయిన రోజే మంట తగ్గదు, ఆ తర్వాత ఒకటి రెండు వారాలు ఇంకా ముదురుతుంది. ఉద్యోగానికి సెలవు పెట్టేవాళ్లు ఆ వారాలు కూడా కలిపి లెక్కేసుకోండి. మధ్యలో సిట్టింగులు ఎగ్గొట్టడం మాత్రం వద్దు, ఖాళీ దొరికితే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి. ఇక కీమో మొదలైన రోజే ఇంట్లో థర్మామీటర్ ఉండాలి, రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబర్ గోడమీద రాసి ఉండాలి. జ్వరం 100.4 డిగ్రీలు తాకితే, మాత్ర వేసి పడుకోకుండా, ఎంత రాత్రయినా ఆ నంబర్‌కి ఫోన్ చేయాలి.