అవ్వ తప్పు మాట్లాడలేదు

రాత్రి పదైంది. కొలాంలు మాట్లాడే కొలామీ భాషను రికార్డు చేయడానికి భాషాశాస్త్రం చదివే పిల్లలతో ఉట్నూరు దగ్గరి కొలాంగూడకు వచ్చాను. ఇది మాకు నాలుగో రోజు. పత్తి ఏరే రోజులు కాబట్టి పగలు గూడెంలో వెదురు తట్టలు అల్లే ముసలివాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. మేం పట్టుకొచ్చిన పదాల పట్టికలో సముద్రం ఉంది, మంచు ఉంది. వెదురు చీల్చడం గురించి ఒక్క మాట లేదు. అందుకే నిన్నటి నుంచి ఆ పట్టిక పక్కన పెట్టి, తట్ట ఎలా అల్లుతారో చెప్పించుకుంటున్నాం.

పొద్దున ఒక అబ్బాయి తాతతో నలభై నిమిషాలు మాట్లాడించి వచ్చాడు. ఫైలే లేదు. మా రికార్డర్ బటన్ ఒకసారి నొక్కితే ఎర్ర లైటు మిణుకుతుంది, అంతే. రెండోసారి నొక్కితేనే రికార్డవుతుంది. వాడి మొహం చూసి ఏమీ అనలేకపోయాను. వాడే తిరిగి వెళ్ళి, జరిగింది దాచకుండా తాతకు చెప్పి, రేపు మళ్ళీ కూర్చుంటారా అని అడిగొచ్చాడు. నాకు చాలా సంతోషమేసింది.

సాయంత్రం ఈలాన్‌లో (రికార్డింగు వింటూ మాటలు రాసుకునే సాఫ్ట్‌వేర్) అవ్వ రికార్డింగు విని రాస్తున్న అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి, "మేడం, అవ్వ ఇక్కడ తప్పు మాట్లాడిందేమో. కోడళ్ళ గురించి చెప్తూ మేకలకు వాడే క్రియారూపం వాడింది" అంది.

మన తెలుగులో ఆవు వచ్చింది, అక్క వచ్చింది. ఒక్కరైతే తేడా లేదు. ఎక్కువమందైతే మాత్రం ఆవులు వచ్చాయి, అక్కలు వచ్చారు. కొలామీలో బహువచనంలో కూడా మగవాళ్ళదొక రూపం, ఆడవాళ్ళతో సహా మిగతా అన్నిటిదీ ఇంకో రూపం. భాషావేత్త ఎమెనో 1955లో అచ్చు వేసిన కొలామీ వ్యాకరణంలోనే ఉందిది. బయల్దేరే ముందే చెప్పేదాన్నే. చెబితే ఇక దాన్నే వెతుక్కుంటారని ఊరుకున్నాను.

"నువ్వు మొన్న ఏమని అడిగావు?" అన్నాను.

నోట్‌బుక్ తిరగేసింది. జవాబు చక్కగా ఐపీఏలో, అంటే ఏ భాష ఉచ్చారణనైనా రాసే అంతర్జాతీయ లిపిలో ఉంది, ప్రశ్న రాసుకోలేదు. కాసేపటికి గుర్తొచ్చింది: "వాళ్ళు వచ్చారు" అని. మన "వాళ్ళు"లో ఆడా మగా ఇద్దరూ ఉన్నారు. అవ్వ మనసులో అప్పుడు మగవాళ్ళు మెదిలినట్టున్నారు, మగవాళ్ళ రూపమే చెప్పింది.

నేనేం వివరించలేదు. వెళ్ళి అవ్వ దగ్గరే కూర్చోమన్నాను. చేలనుంచి జనం ఇంటికొచ్చే వేళ. "అవ్వా, ఎవరొచ్చిన్రు? మీ మాటల చెప్పు" అని అడిగింది. కోడళ్ళొచ్చినప్పుడు ఒక మాట, కొడుకులొచ్చినప్పుడు ఇంకో మాట. ఆ వెనకే మేకలొస్తే మళ్ళీ కోడళ్ళకు చెప్పిన మాటే. "గదే మల్ల మల్ల అడుగుతవేంది బిడ్డా" అని అవ్వ నవ్వింది. ఆ అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ మొహం చూడ్డానికే ఏటా పిల్లల్ని తీసుకుని ఇంత దూరం వస్తాను.

పాత జవాబును చెరపొద్దన్నాను. ఒక్క గీత కొట్టి, పక్కన తేదీ వేసి, ఏమడిగితే అలా చెప్పిందో రాసింది. ఫైళ్ళకు పేర్లు పెట్టి రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించాం.

తాత పొద్దున్నే కూర్చుంటానన్నాడట. బ్యాటరీలు చార్జింగులో పెట్టి పడుకోవాలి.