ఏనుగు వేషం వద్దన్న పిల్ల

"నేను ఏనుగు వెయ్యను" అంది మా పెద్దమ్మాయి. కారు వెనక సీట్లో చేతులు కట్టుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆదివారం తెలుగు క్లాసులో పిల్లలతో గజేంద్ర మోక్షం నాటిక వేయిస్తున్నారు. తొమ్మిదేళ్ళ పిల్లకి పెద్ద వేషం వచ్చిందని పొద్దున్నుంచి నా సంబరం నాది. తొండానికి బూడిద రంగు బట్ట ఎక్కడ దొరుకుతుందో కూడా చూసిపెట్టాను. ఎందుకు వెయ్యవే అంటే, "ఏనుగే కదా అమ్మా మొసలి ఉండే చోటికి వెళ్ళింది. మొసలి ఏనుగు ఇంటికి రాలేదు. మరి చక్రం మొసలి మీద ఎందుకు వేశాడు?" అంది.

నాకు తెలిసిన జవాబు చెప్పాను. ఆ మొసలి ఒకప్పుడు హూహూ అనే గంధర్వుడమ్మా, దేవలుడనే ముని శాపం వల్ల అలా అయ్యాడు, చక్రం తగలగానే శాపం పోయి మళ్ళీ గంధర్వుడయ్యాడు, దానికి మంచే జరిగింది అన్నాను. కాసేపు ఆలోచించింది. "మన పాండ్‌లో మొసలిని పట్టుకున్నప్పుడు గంధర్వుడేం రాలేదు కదా" అంది.

ఇల్లు చేరేదాకా ఇద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు.

మేం ఉండేది అమెరికాలో, ఫ్లోరిడాలోని టాంపా పక్కన. ఇంటి వెనక పాండ్ ఉందని స్థలానికి కొంచెం ఎక్కువ పెట్టి మరీ కొన్నాం. ఇక్కడి కాలనీల్లో ఈ చెరువులు దేవుడిచ్చినవి కావు. వాన నీళ్ళు రోడ్లమీద నిలవకుండా తవ్వినవి. తవ్విన మట్టి పోసి ఎత్తు చేసి, దానిమీదే ఇళ్ళు కడతారు. అంటే మా ఇల్లు నిలబడ్డది ఆ గుంటలో మట్టి మీదే. నీళ్ళు చేరాక చేపలు, తాబేళ్ళు, కొంగలు వాటంతటవే వచ్చాయి. వాటి వెనకే మొసలి. ఫ్లోరిడాలో 67 కౌంటీలు ఉంటే 67లోనూ ఎలిగేటర్లు ఉన్నాయి. రాష్ట్రం మొత్తం మీద సుమారు 13 లక్షలని అంచనా. కొనేటప్పుడు ఈ మాట ఎవరూ దాచలేదు. పాండ్ ఒడ్డున బోర్డు కూడా ఉంది. నేనే అటు చూడలేదు.

మార్చిలో మా అత్తమ్మ వచ్చింది. ఆమెది సంగారెడ్డి వైపు. ఇక్కడ ఆమెకి పలకరించే మనిషి లేడు, నడిచి వెళ్ళే చోటు లేదు. సాయంత్రం మిగిలిన అన్నం ముద్దలు చేసుకుని పాండ్ దగ్గరికి వెళ్ళేది. మూడేళ్ళ మా చిన్నోడు ఆమె కొంగు పట్టుకుని వెంట ఉండేవాడు. ముద్ద పడగానే తాబేళ్ళు తలలు పైకెత్తుకుని వచ్చేవి. "మూగజీవాలు, రెండు మెతుకులేస్తే పుణ్యం" అనేది. వేయకూడదని నాకు తెలుసు. ఇక్కడ మొసలికి తిండి పెట్టడం నేరం. తాబేళ్ళకీ బాతులకీ వేసినా, అవి ఒడ్డున గుమిగూడితే వాటికోసం మొసలి ఒడ్డుకు వస్తుంది. మనిషి కనిపిస్తే తిండి దొరుకుతుందని ఒకసారి దానికి అలవాటైతే మనిషంటే ఉండే బెదురు పోతుంది. ఇదంతా తెలిసి కూడా నేను ఆమెకి చెప్పలేదు. రోజంతా నోరు విప్పని మనిషి ఆ పది నిమిషాలే నవ్వుతుంటే, వద్దు అత్తమ్మా అనడానికి నోరు రాలేదు.

మే నెలలో అది వచ్చింది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అవి జతకట్టే కాలం, మగవి ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి తిరుగుతుంటాయి. మొదట నీళ్ళమీద రెండు కళ్ళు, కొంచెం ముందుకి ముక్కు, అంతే. మా అమ్మాయి లనై, అంటే ఇంటి వెనక జాలీ తెర కట్టిన వసారా, తెర వెనకనుంచి చూసి లెక్క కట్టింది. కళ్ళ నుంచి ముక్కు చివరిదాకా ఎన్ని అంగుళాలుంటే మొసలి సుమారుగా అన్ని అడుగులుంటుందట. ఏడు అంది. "క్రొకడైల్ కాదమ్మా, ఎలిగేటర్. ముక్కు గుండ్రంగా ఉంది చూడు" అని కూడా చెప్పింది. మన తెలుగులో రెండింటికీ మొసలే. వారం తిరిగేసరికి సాయంత్రం ఆరింటికల్లా అది మా వైపు ఒడ్డుకే వచ్చి ఉండేది. అత్తమ్మ టైముకి.

ఒకరోజు చిన్నోడు లనై తలుపు తీసుకుని, చేతిలో అన్నం ముద్దతో, ఒక్కడే గడ్డి మీదకి వెళ్ళాడు. నీళ్ళకి ఇరవై అడుగుల దూరంలో పట్టుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. 2016లో ఓర్లాండో దగ్గర ఒక రిసార్ట్‌లో నీటి ఒడ్డున ఆడుకుంటున్న రెండేళ్ళ బాబుని మొసలి లాక్కుపోయిన సంగతి అప్పటికే ఎన్నిసార్లు చదివానో. తెల్లారగానే రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ హాట్‌లైన్‌కి ఫోన్ చేశాను. నాలుగు అడుగులు దాటి, మనుషులకి, పెంపుడు జంతువులకి ప్రమాదం అనిపిస్తే వాళ్ళు ట్రాపర్‌ని, అంటే మొసళ్ళని పట్టే మనిషిని, పంపిస్తారు. మనంతట మనం దాన్ని ముట్టుకోవడం, చంపడం నేరం. ఫోన్‌లో అడిగినవాటికి అన్నీ నిజమే చెప్పాను. అన్నం సంగతి అడగలేదు, నేనూ చెప్పలేదు.

ట్రాపర్ పెద్దాయన, మాట నెమ్మది. గాలం విసిరాడు, లాగాడు, అది నీళ్ళలో గిరగిరా తిరిగింది. ఒడ్డుకి వచ్చాక మెడకి ఉచ్చు వేసి, మీద కూర్చుని, నోటికి నల్లటి ఎలక్ట్రికల్ టేప్ నాలుగు చుట్లు చుట్టాడు. అంతే, అంత పెద్ద నోరు మూతపడింది. కరవడానికి దాని దవడకి ఉన్న బలం తెరవడానికి ఉండదట. దగ్గరికి వెళ్ళి చూశాను. గోధుమ, ఆకుపచ్చ కలిసిన కన్ను, మధ్యలో నిలువుగా సన్నటి నల్ల గీత. రెప్ప కింద తడి. పొట్ట ఎగిరెగిరి పడుతోంది. ఇంత భయం నాకే ఉందనుకున్నాను.

"ఎక్కడికి తీసుకెళ్తారు?" అని అమ్మాయి అడిగింది. "పెద్ద చెరువులో వదిలేస్తారమ్మా" అన్నాను.

నాకు నిజం తెలుసు. అలా పట్టుకున్నవాటిని మామూలుగా చంపేస్తారు. వేరే చోట వదిలితే మళ్ళీ పాత చోటికే వెతుక్కుంటూ వస్తాయి. వదిలిన చోట అప్పటికే ఉన్నవాటితో పోట్లాట కూడా. ట్రాపర్‌కి ఆదాయం వచ్చేది ఎక్కువగా తోలు, మాంసం మీదే. ఈ పద్ధతిని నేను తప్పు పట్టను. ఒకప్పుడు తోలు కోసం వేటాడి వేటాడి ఈ జాతి అంతరించిపోయే దాకా వస్తే, 1967లో రక్షణ జాబితాలో చేర్చారు. 1987కల్లా కోలుకుందని ప్రకటించారు. అంతమంది ఇరవై ఏళ్ళు కాపాడితే నిలబడిన ప్రాణి అది. మా పెరట్లో దాని ప్రాణం తీయించింది మేం వేసిన ముద్దలే.

అమ్మాయి స్కూల్లో ప్రాజెక్ట్ కోసం చదువుతూ నిజం తెలుసుకుంది. అరవలేదు, ఏడవలేదు. "నీకు తెలుసా అమ్మా?" అని ఒక్కటే అడిగింది. తెలుసు అన్నాను. అప్పటినుంచి సాయంత్రాలు లనైలోకి రాదు. ఇప్పుడు ఏనుగు వేషం కూడా వద్దంటోంది.

చీమకి కూడా హాని చేయకూడదని ఈ పిల్లకి నేర్పింది నేనే. మా ఊళ్ళో వరిపిండితో ముగ్గు వేసేది చీమలు తింటాయనే అని ఎన్నిసార్లు చెప్పానో. అత్తమ్మ అయితే ట్రాపర్ వెళ్ళిపోయాక మెట్టు మీద కూర్చుని, "మా మంజీరల లేవా మొసళ్ళు? అది దాని జాగ బిడ్డా. మనమే పక్కకుండాలె" అంది. మంజీరలో మొసళ్ళ కోసం అభయారణ్యమే ఉంది, ఆ ఒడ్డు ఊళ్ళవాళ్ళకి మొసలి కొత్త కాదు. ఆమెకి తెలిసిన సంగతే నా కూతురు ఇంగ్లిష్‌లో చదివి తెలుసుకుంది. మధ్యలో నేనొక్కదాన్నే భయపడి ఫోన్ తీశాను. అలాగని చేయకుండా ఉండాల్సిందా? అన్నం ముద్ద పట్టుకుని నడుస్తున్న నా కొడుకు వీపు కళ్ళముందుకొస్తే, రేపు మళ్ళీ చేస్తాననిపిస్తుంది.

లెక్కలు కూడా చూశాను. రెచ్చగొట్టకుండానే మొసలి కరిచి వైద్యం అవసరమయ్యేవి ఫ్లోరిడా అంతటా ఏడాదికి సగటున సుమారు ఎనిమిది. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లలు అన్నింటికంటే ఎక్కువగా చనిపోయేది నీళ్ళలో మునిగి. అంటే నేను భయపడాల్సింది మొసలికి కాదు, పాండ్‌కి. అప్పటికి చిన్నోడిని ఈతకి కూడా వేయలేదు, తలుపుకి పైన గడియ పెట్టించలేదు. ఆ రెండూ ఫోన్ చేసిన తర్వాత చేశాను. ముందు చేయాల్సినవి.

కొత్తగా పాండ్ పక్కన ఇల్లు తీసుకుంటున్న మనవాళ్ళు అడిగితే ఇవే చెప్తున్నాను. తలుపుకి పిల్లలకి అందని గడియ, ఈత, పొద్దుగూకాక నీటి అంచుకి వెళ్ళకపోవడం, నీళ్ళలోకి ఒక్క మెతుకు కూడా వేయకపోవడం. ఇంటికి వచ్చిన పెద్దవాళ్ళకి ఈ ఆఖరిది మొదటి రోజే చెప్పమంటున్నాను. చెప్తున్నాను కానీ, అత్తమ్మ ముఖం చూస్తూ నేనైనా చెప్పగలనా అంటే నమ్మకం లేదు. పిల్లలకి ఏం చెప్పాలో అంతకన్నా తెలియదు. అది దాని చోటు అని నేర్పితే రేపు చిన్నోడు దగ్గరికి వెళ్తాడేమో. భయం నేర్పితే మా అమ్మాయిలాంటి ప్రశ్న వాడికి ఎప్పటికీ రాదేమో.

నాటికలో అమ్మాయి మొసలి వేషం వేస్తానంది. టీచర్‌ని అడగాలి.

మొన్న శనివారం పొద్దున చాలా రోజుల తర్వాత లనైలోకి వచ్చి నన్ను పిలిచింది. అవతలి గట్టు దగ్గర రెళ్ళలో చిన్నది, ఒళ్ళంతా పసుప్పచ్చ చారలతో. రెండు అడుగులు కూడా లేదు. "ఏడాదికి ఒక అడుగు పెరుగుతుందిట. నాలుగు అడుగులు కావడానికి ఇంకా రెండేళ్ళు పైనే పడుతుంది" అంది. అప్పటికి చిన్నోడికి ఆరేళ్ళు వస్తాయి, ఈత బాగా వస్తుంది అని నేను మనసులో లెక్క వేసుకుంటున్నాను. ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

అంతలో ఇండియా నుంచి అత్తమ్మ వీడియో కాల్. ఆగస్టులో వెళ్ళిపోయింది కానీ ధ్యాసంతా ఇక్కడే. "తాబేళ్ళకు ఏస్తున్నవా బిడ్డా?" అని అడిగింది. ఎప్పుడూ వేస్తున్నానత్తమ్మా అనేదాన్ని. అమ్మాయి పక్కనే ఉంది. ఫోన్ పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. "వెయ్యట్లేదు అత్తమ్మా. ఎందుకో చెప్తాను, కోపం తెచ్చుకోకు" అన్నాను.