ఇన్నోవా టైమింగ్ బెల్టు మార్పించిన నా అనుభవం

సెకండ్ హ్యాండ్‌లో మేం కొన్న 2.5 డీజిల్ ఇన్నోవా అప్పటికే 1,60,000 కిలోమీటర్లు దాటేసింది. పాత బిల్లుల్లో ఆయిలు, ఫిల్టర్లు, క్లచ్ ప్లేట్లు అన్నీ ఉన్నాయి కానీ, ఇంజన్‌లో పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్టు ఊసే లేదు. ఇన్ని కిలోమీటర్లు తిరిగాక ఆ బెల్టు ఎప్పుడో మారి ఉండాల్సింది. అమ్మినాయన మాత్రం "లైటు రాలేదుగా సార్, వస్తే చూసుకోండి" అన్నాడు.

బెల్టు మార్చమని డ్యాష్‌బోర్డులో వచ్చే ఆ టీ-బెల్ట్ లైటు కిలోమీటర్లు లెక్కపెట్టుకుని వెలుగుతుంది, అంతే. బెల్టు ఎలా ఉందో దానికేం తెలుసు? మార్చకుండానే మీటరు బటన్‌తో దాన్ని ఆర్పేయొచ్చు కూడా. రోడ్డు మీద బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగులుతాయి, అవి వంగితే ఇంజన్ పై భాగం, అదే హెడ్, విప్పాల్సిందే. ఆ ఖర్చు తలచుకుంటేనే టెన్షన్.

విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. "మేస్త్రిగారూ, శబ్దమైతే ఏం లేదు" అంటే నవ్వాడు. "రబ్బరు బెల్టు చెప్పి తెగదు సార్. ఆ కీచుమనేది ఫ్యాన్ బెల్టు, దీనికీ దానికీ సంబంధం లేదు" అన్నాడు. ప్లాస్టిక్ కవరు విప్పి, ఫోను టార్చి వేసి చూపించాడు. బెల్టు వీపు గాజులా నున్నగా మెరుస్తోంది. పళ్ల మొదళ్లలో వెంట్రుకంత పగుళ్లు, ఒక అంచున దారాలు లేచి ఉన్నాయి. బెల్టును దారిలో నడిపే ఐడ్లర్ బేరింగ్‌ను వేలితో తిప్పితే గరగరమంది. ఇక అనుమానం లేదు.

బెల్టుతో పాటు ఐడ్లర్, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ కూడా కొత్తవే వేయమన్నాను. కొత్త బెల్టు వేసి పాత బేరింగ్ ఉంచడం నా దృష్టిలో పిసినారితనమే. పాత బెల్టు తీయకముందే ఇంజన్ తిప్పి, బెల్టు తిరిగే చక్రాలైన పుల్లీల మీది మార్కులు కలిపాడు. ఒక్క పన్ను జరిగినా టైమింగ్ తప్పుతుంది కాబట్టి అక్కడ మాత్రం ఎవరినీ మాట్లాడనివ్వలేదు. హైడ్రాలిక్ టెన్షనర్‌ను నిలువుగా పెట్టి మెల్లగా నొక్కి, రంధ్రాలు ఎదురెదురుగా రాగానే సన్నటి అలెన్ కీ దూర్చి బిగించాడు. బెల్టు ఎక్కాక ఆ కీ లాగేస్తే టెన్షనర్ దానంతటదే బెల్టును బిగపట్టింది. వెంటనే స్టార్ట్ చేయలేదు. స్పానర్‌తో పిస్టన్లను కదిలించే క్రాంకును చేత్తోనే రెండు చుట్లు తిప్పి, మార్కులు మళ్లీ కలిశాయని చూసుకున్నాకే తాళం చెవి అడిగాడు.

టీ-బెల్ట్ లెక్కను మీటరులో రీసెట్ చేయించి, ఆ రోజు రీడింగు, తేదీ బిల్లు మీద రాయించుకున్నాను.