చీటీల పెట్టె

ఈమధ్య కిశోర బాలికల అవగాహన తరగతి ఒకదానికి సహాయకురాలిగా వెళ్లాను. సందేహాలు అడగమంటే ఒక్కరూ నోరు విప్పలేదు గానీ, పేరు రాయకుండా చీటీ మీద రాసి పెట్టెలో వేయమనగానే పెట్టె నిండిపోయింది. నాలుగు మడతలు పెట్టిన ఒక చీటీలో, నెలసరి రోజుల్లో బడి మానకుండా ఉండాలంటే మరుగుదొడ్డికి లోపలి గడియ పెట్టిస్తారా అని ఉంది. ఆ చీటీని వెంటనే బడి యాజమాన్యానికి చూపించాం.

అవగాహన పోస్టర్లు అచ్చువేయడం తేలిక కాబట్టి డబ్బు ముందు అటే పోతుందని నా అనుమానం. గడియ, నీళ్లు, వాడిన ప్యాడ్లు వేయడానికి మూత ఉన్న డబ్బా మాత్రం ఎవరి పద్దులోనూ పడవు. బాలికలకు రక్తహీనత రాకుండా ఇచ్చే ఐరన్ మాత్రల సంగతీ అంతే. వాటివల్ల కొందరికి వికారం కలగవచ్చనీ, మలం నల్లబడటం మామూలేననీ ముందుగా చెబితే, భయపడి మధ్యలో మానేసేవారు తగ్గుతారు.

2012 నుంచి ఏటా అక్టోబరు 11న అంతర్జాతీయ బాలికా దినోత్సవం జరుగుతోంది, సంతోషమే. అయితే ఈ పిల్లలు అడిగింది వేడుక కాదు; చదువు మాన్పిస్తామన్నా, పెళ్లి మాట ఎత్తినా భయం లేకుండా వెళ్లి చెప్పుకోగల ఒక పెద్దావిడ ఏడాది పొడవునా బడిలోనే ఉండాలని చాలా చీటీల్లో రాశారు.